పెద్దపాప

“చిన్నపాపా, యాడుండాదో చూడు. నాకు ఆ తెల్లచొక్కాలన్నీ ఒకటే మాదిరి కనబడ్తాండాయి.”

నడుం వంగిన ఏసేపు బండరాయి ఎక్కి నిలబడ్డా గోడ అవతలి మైదానం సగమే కనిపిస్తోంది. చిన్న మనవరాలు రెజీనా పక్కనే నేలమీద నిలబడి గోడ మీద గడ్డం ఆనించింది.

“కడాన ఉండాది జేజినాయనా. పక్కపాప భుజానికి గూడా రాలేదు అక్క.”

“ఎత్తు సంగతి నేనడిగితినా? ఎట్లుండాది చెప్పు.”

“కాలికి మన్ను పూసుకుంటాండాది.”

పెద్ద మనవరాలు ఆరాధన ఇనుపపెట్టె అప్పటికే హాస్టల్ వరండాలోకి వచ్చేసింది. కడప శివార్లలోని ఆ క్రీడా హాస్టల్లో చేరి రెండేళ్లయినా ఆమె ఎదగలేదు, ఏ పోటీలోనూ ముందుకు రాలేదు. ఈ పరుగులో మొదటి ముగ్గురిలో ఒకతెగా వస్తే ఉంటుంది. లేకపోతే తాతతో ఇంటికి పోతుంది. అందుకే ఆత్మకూరు దగ్గరి ఊరి నుంచి ఏసేపును పిలిపించారు.

గేటు దగ్గరి కాపలాదారు మాబాషా వచ్చి రాయిని కాలితో నొక్కి చూశాడు.

“దిగు పెద్దాయనా. పడితే నిన్ను గూడా మోసుకుపోవల్ల.”

“మా పెద్దపాప పెట్టె నువ్వు మోసేది లేదులేప్పా. మీ సారు ఏరినోళ్లు ఊరికే పోరు.”

“అంత నమ్మకమా?”

“నీకు తెల్దు. మేకపిల్ల తాడు తెంపుకోని రోడ్డెక్కితే పాపలిద్దరూ ఎంటబడినారు. జీపులో పోతాండే సారు ఆపి చూసినాడు. ‘పెద్దాయనా, ఆ పెద్దపాపను కడపకు పంపు, నేను చూసుకుంటా’ అని చెప్పి పాయె. మరుసనాడే పంపిస్తిమి. కాళ్లు బొబ్బలెక్కినా దానిది ఒకటే మాట, ‘సారు నన్నే కోరినాడు’ అని.”

“ఆ పొద్దు నేనీడే ఉంటి,” అన్నాడు మాబాషా. “గేటు కాడ పెట్టె దించి, ‘సార్, నేనే పెద్దపాపను, మీరు రమ్మంటిరంట’ అనె. సారు రోడ్డు దిక్కు చూసె, మళ్లా పాపను చూసె.”

“సంతోషం పట్టలేకప్పా,” అన్నాడు ఏసేపు.

మైదానంలో గీత దగ్గర హాస్టల్ అధికారి హనుమేష్ కోచ్‌ను కదిపాడు.

“బసవరాజ్ గారూ, ఏం చూసి తెచ్చినారు ఈ పాపను?”

బసవరాజ్ ఈల నోట్లో పెట్టుకున్నాడు. ఈ ప్రశ్న ఎవరడిగినా ఆయనకు ఈలే అడ్డం.

“మీది డేగ కన్నంటారు. ఈసారి తప్పిందని ఒప్పుకుంటే పోయేదేముంది?”

ఆయన ఈల తీశాడు. “కొందరు పిల్లోళ్లు ఆలస్యంగా ఎదుగుతారు సార్. అంతవరకు ఆగేటోళ్లు లేక ఇంటిదారి పడతాండారు.”

“రెండేళ్లు ఆగినాం కదా?”

“ఈ పరుగు గూడా కానీండి. ఆ పైన మీ ఇష్టం.”

ఈల మోగింది.

“చెప్పు చిన్నపాపా!”

“అందరికంటే ఎనక ఉండాది.”

ఏసేపు కళ్లు మూసుకుని “ప్రభువా” అన్నాడు. రాయి కదిలింది. మాబాషా భుజం పట్టుకుని ఆపాడు.

“ఇప్పుడు?”

“ఒక చుట్టు అయిపాయె. ఇంకా ఎనకే... ఉండు జేజినాయనా. ఒక పాప నడుం పట్టుకోని ఆగిపాయె. ఇంగో పాపను దాటె!”

“ముందర ఎందరుండారు?”

రెజీనా గోడ అంచును గట్టిగా పట్టుకుంది. పొడుగు కాళ్ల పిల్లలు మొదటి చుట్టులోనే ఊపిరి ఖర్చు చేసుకున్నారు. ఆరాధన చిన్న అడుగులు మాత్రం మొదట్లో ఎలా పడ్డాయో ఇప్పుడూ అలాగే పడుతున్నాయి. మలుపులో ఒకరిని దాటింది. ముందే ఇద్దరు చేరిపోయారు. వాళ్ల వెనక ఆరాధన, ఇంకో పిల్ల ఒకేసారి గీత మీద పడ్డట్టు కనిపించింది.

“ఎవురు ముందు?” ఏసేపు మునివేళ్ల మీద లేచాడు.

“తెల్దు.”

హనుమేష్ పక్కనున్న వాళ్లతో మాట్లాడాడు. మళ్లీ గీత చూశాడు. చెయ్యెత్తి మూడు వేళ్లు చూపించి, ఆరాధన వైపు తిప్పాడు.

మాబాషా గేటు తెరిచి, వాళ్లిద్దరినీ లోపలికి పంపి, పెట్టెను మళ్లీ గదిలో పెట్టడానికి పరిగెత్తాడు.

ఆరాధన మట్టిలో కూర్చుని రొప్పుతోంది. “సార్... మీ మాట నిలబెడితినా?”

బసవరాజ్ తన ఈల తీసి ఆమె మెడలో వేశాడు.

“ఒప్పుకుంటున్నానండీ,” అన్నాడు హనుమేష్. “డేగ కన్నే.”

“ఆ కంటికి దండం సారూ.” ఏసేపు చేతులు జోడించాడు. మనవరాలిని లేపి, పైగుడ్డతో ముఖం తుడుస్తూ నీళ్ల కుళాయి వైపు నడిపించుకుపోయాడు.

రెజీనా కదల్లేదు. బసవరాజ్ కళ్లకు సమంగా ఉన్నాయి ఆమె కళ్లు.

“సార్, ఒక మాట అడగనా?”

“అడుగమ్మా.”

“ఆ పొద్దు మేకను పట్టింది నేను. అప్పటికే అక్క కంటే జానెడు పొడుగుంటి. అయినా మీరు అక్కనే రమ్మంటిరి. నాలో ఏం తక్కువ కనబడె సార్?”

బసవరాజ్ చెయ్యి ఈల కోసం ఛాతీ మీద తడుముకుంది. అది అక్కడ లేదు.

ఆ రోజు జీపులోంచి ఆయన ‘పెద్దపాప’ అన్నది రెజీనానే.