ముఖం చూడని బేరం

కృష్ణకాంత్ ఫోన్‌లో ధర కట్టే సాఫ్ట్‌వేర్‌కు రెండు నాలుకలు. గొర్రె బరువు, వయసు, ఉన్ని, దారి ఖర్చు కొడితే అసలు ధర వస్తుంది. అది అతనికి. వేలు జరిపితే పావు వంతు కోసిన ధర వస్తుంది. అది అమ్మేవాళ్లకు చూపించడానికి.

"నేను చెప్తలేను, కంప్యూటర్ చెప్తాంది" అంటే కాపర్లు నోరు మూసుకునేవాళ్లు.

పెళ్లాం పుస్తెలతాడు తాకట్టు పెట్టి మొదటి మంద కొన్నాడు. వీపుల మీద ఉన్నికి ఎర్రటి జాజు గుర్తు వేయించి నార్కట్‌పల్లి షెడ్డులో ఉంచాడు. ఇంకో మంద చౌకగా దొరికితే రెండూ పట్నంలో అమ్మి తాడు విడిపించాలి. లేకపోతే తాడు తాకట్టు సేటుదే.

ఆ రోజు కొండమల్లేపల్లి అంగడిలో ముసలి దళారి ఎల్లయ్య తువ్వాల కింద వేళ్లు పట్టి బేరం చేస్తున్నాడు. కృష్ణకాంత్‌ను చూసి, "ఫోన్ తర్వాత సూద్దువు బిడ్డా. వీపు నిమురు. మొకం సూడు" అన్నాడు.

"మొకం సూసెటానికి పెండ్లి సంబంధమా కాకా?"

చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు.

పర్వతాలు అనే కొత్త మనిషి ఓ మందను పట్టుకుని నిలబడ్డాడు. గొర్రెలన్నీ నున్నగా గొరిగి ఉన్నాయి. కృష్ణకాంత్ తల ఎత్తకుండానే 'ఉన్ని లేదు' అని కొట్టాడు. ధర ఇంకా దిగింది. అంతలో ఫోన్ మోగి, ధర మీద షెడ్డు కాపలా నర్సింగమ్మ పేరు వచ్చి పడింది. కట్ చేశాడు. మళ్లీ మోగింది. మళ్లీ కట్ చేశాడు.

"దీనికి ఎప్పుడూ దాణా లొల్లే" అని విసుక్కుని కోసిన ధర చూపించాడు.

"కంప్యూటరే చెప్పినంక నేనెవన్ని కాదననీకి?" అన్నాడు పర్వతాలు. పైసలు తీసుకుని చాయ్ కూడా తాగకుండా పోయాడు.

కొత్త గొర్రెలు షెడ్డులోకి పోవాలంటే మొరాయిస్తాయి. ఇవి నార్కట్‌పల్లిలో బండి దిగడంతోనే ఉరికి తొట్ల దగ్గర నిలబడ్డాయి.

"సూసినవా అవ్వా, గొర్లు సుత మన మాటింటున్నయి!" అన్నాడు కృష్ణకాంత్, ఫోన్‌లో లాభం చూసుకుంటూ.

ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిన నర్సింగమ్మ ఒక గొర్రె ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది.

"రాత్రి దొంగలెత్తుకపోయిన మన గొర్లే గదయ్యా! పొద్దటి సంది ఫోన్ చేస్తున్న, ఎత్తవైతివి. జాజు గుర్తు పోయేటట్టు గొరిగినా మొకాలు సూసి పట్టుకొచ్చినవంటే, నీ కండ్లకు దండం పెట్టాలె!"