బీరువా బిగ్, మనిషి గ్రేట్

"బిగ్ కాదు, గ్రేట్!"

ఇంగ్లీషు మాస్టారికి తల ప్రాణం తోకకొచ్చింది. స్టాఫ్ రూములో ఆయన బల్ల ముందు ఏడో తరగతి పిల్ల చేతులు కట్టుకుని నిలబడింది. బల్ల మీద ఆ పిల్ల రాసిన వ్యాసం, 'మై ఫాదర్'. ఆఖరి గంటలోగా హెడ్మాస్టరు చేతికిస్తే పోటీకి వెళ్తుంది. వెళ్ళాలని పిల్లకీ ప్రాణమే. ఆ క్లాసులో ఇంగ్లీషు నాలుగు ముక్కలు రాయగలిగింది తనొక్కతే. ఇది కూడా వెళ్ళకపోతే స్కూలు పరువు, అంతకంటే ముందు మాస్టారి పరువు గంగలో కలుస్తాయి.

తీరా చూస్తే మొదటి వాక్యంలోనే తప్పు. 'మై ఫాదర్ ఈజ్ ఎ బిగ్ మ్యాన్.'

"ఎన్నిసార్లు చెప్పాను? ఒడ్డూ పొడుగూ చెప్పాలంటే బిగ్. గొప్పతనం చెప్పాలంటే గ్రేట్. బీరువా బిగ్, మనిషి గ్రేట్. తేడా తెలీదా?"

"తెలుసు సార్."

"తెలిసే రాశావా?"



మాస్టారు ఎర్ర పెన్ను మూత తీశాడు. రెండో పేరాకి వచ్చేసరికి ఒళ్ళు మండిపోయింది. చిన్న విషయాలన్నీ నాన్నకి ఇంపార్టెంటట! గుమ్మం దగ్గర చెప్పులు వంకరగా ఉంటే ఇంపార్టెంట్. అమ్మకి జ్వరమొస్తే అది స్మాల్.

"మొత్తం తారుమారు చేశావు కదే!"

"లేదు సార్. అలాగే రాయాలనుకున్నాను."

"నాన్న గురించి ఇలా రాస్తే చదివేవాళ్ళు నవ్వరూ? బిగ్ కొట్టేసి గ్రేట్ అని రాయి. ఒక్క మాట! నీ సొమ్మేం పోయింది?"

"గ్రేట్ ఎప్పుడు రాయాలి సార్?"

హమ్మయ్య, దారికొచ్చింది అనుకున్నాడు మాస్టారు. "మనసులో ఆ మనిషంటే గౌరవం ఉన్నప్పుడు."



"అయితే బిగ్గే కరెక్టు సార్."

ఇంత నేర్పితే చివరికి ఇదా! తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళంటుందేమిటి? ఆయన పెన్ను బల్ల మీద విసిరికొట్టాడు.

"రాయకపోతే పో. పోటీ లేదు, గీటీ లేదు!"

గంట మోగింది. మాస్టారు వ్యాసాన్ని సొరుగులో పడేసి తాళం వేశాడు. పిల్ల కళ్ళు తుడుచుకుని సంచీ భుజాన వేసుకుంది.

స్కూలు గేటు దాటి, మాస్టారి స్కూటరు వెనక సీటెక్కి కూర్చున్నాక మెల్లగా అడిగింది: "ఇప్పుడు 'నాన్నా' అనొచ్చా సార్?"