దండోరా ఉంగరం

ఆ ఆటలో ఎవరు ఎవరికి ఖరీదైన కానుక ఇచ్చినా దండోరా వేస్తారు. ఆడుతున్న అందరి ఫోన్లలోనూ ఢమఢమా డప్పు మోగి, తెర మీద బంగారు అక్షరాలు పాకుతూ పోతాయి. డబ్బు పెట్టినవాడికి ఆ మాత్రం మర్యాద చెయ్యకపోతే మళ్ళీ ఎందుకు పెడతాడు?

మధ్యాహ్నం డప్పు మోగేసరికి ఆమె కళ్ళజోళ్ళ షాపులో ఒక పెద్దాయన ఫ్రేముకు మర బిగిస్తోంది.

'సేనాపతి తన మనసు గెలిచిన వెన్నపూసకు వజ్రపుటుంగరం తొడిగారు! అందరూ చప్పట్లు కొట్టండి!'

మర కింద పడి ఎటో దొర్లిపోయింది.

ఆటలో సేనాపతి ఆయన పేరు. ఆమె పేరు తూనీగ. ఈ వెన్నపూస ఎవరో, ఎక్కణ్ణించి ఊడిపడిందో ఆమెకు తెలియదు. తెలిసిందల్లా ఒకటే, ఆ ఉంగరం తన వేలికి రావలసింది.

వాళ్ళ పరిచయమే ఆ ఆటలో జరిగింది. ఇద్దరూ ఒకే దళం. పెళ్ళికి దళమంతా కదిలొచ్చింది. భోజనాలు పెట్టలేదని ఇప్పటికీ దెప్పుతుంటారు. తరవాత ఇల్లు కట్టారు. కట్టారు అనడమే గానీ, పెట్టుబడంతా ఆమెదే. ఒక నెల జీతంలో తలుపులు, ఇంకో నెల జీతంలో కిటికీలు. ఆయనకెప్పుడూ చేతిలో డబ్బాడదు. ఆటకయ్యే ఖర్చు కూడా ఆమే పెట్టుకునేది.

ఆ ఖర్చుకి మార్గాలు చాలానే ఉన్నాయి. ఫోన్ బిల్లులో కలిపేసుకోవచ్చు, బ్యాంకు ఖాతా జతచేసుకోవచ్చు. ఆమె మాత్రం పక్క వీధిలో పుస్తకాల షాపుకి వెళ్ళి గిఫ్టు కార్డు కొని, వెనక పూత నాణెంతో గీకి, అందులో అంకెలు ఆయనకి పంపేది. బిల్లయితే ఇంటికొస్తుంది. ఇంట్లో తెలిస్తే రభస.

మొన్న కూడా అలాగే పంపింది. యుద్ధం ముందుంది, కవచం లేకపోతే చచ్చిపోతానన్నాడు మరి.

ఆమె వెనక గదిలోకి వెళ్ళి, మైకు నొక్కింది.

"ఎవరండీ ఆవిడ?"

"నీకు చెబుదామనే అనుకున్నా."

"ఊరందరికీ చాటింపు వేశాక నాకు చెప్పేదేముంది?"

"అరవకు. పక్కన జనం ఉన్నారు."

"నేను పంపిన కార్డుతోనే కదూ కొన్నారు? కవచమన్నారు. కవచం వేలికి తొడుగుతారా?"

"ఇదిగో, ఇదే. నీకు ప్రతిదీ డబ్బే. ఆవిడ అలా కాదు."

అవును, ఆవిడకేం, పుచ్చుకునేది ఆవిడ. ఆమెకి ఏడుపు తన్నుకొచ్చింది.

"మరి మన ఇల్లు?"

"ఇల్లు నా పేరు మీదుంది. నీ సామాను నువ్వు తీసేసుకో."

అంతే. మళ్ళీ ఎంత పిలిచినా పలకలేదు.

అక్కడే అద్దాలు అరగదీసే మిషను దగ్గర అక్క కూర్చుని ఉంది. షాపులో అందరికీ ఆవిడ అక్కే. మిషను ఆపేసి అంతా వింది. ఆవిడకి ఆటలు తెలియవు గానీ మగాళ్ళు తెలుసు.

"నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయట," అంది. "నీ డబ్బుతో ఇల్లు, నీ డబ్బుతో ఉంగరం. కూర్చోబెట్టి మేపావు కదే!"

"ఊరుకో అక్కా."

"ఎందుకు ఊరుకోవాలి? మొన్నామధ్య నువ్వు కళ్ళు తిరిగి పడిపోతే నీ మొగుడికి ఫోన్ చేసింది నేనే. నంబరింకా ఉంది."

ఆమె అక్క చెయ్యి గట్టిగా పట్టుకుంది. "వద్దక్కా. నీకు దణ్ణం పెడతా. ఆయనతో ఒక్క మాట కూడా అనకు."

"చూశావా, ఇంకా వాణ్ణే వెనకేసుకొస్తున్నావు. సరేలే, ముందా పెద్దాయన కళ్ళజోడు చూడు, పాపం కళ్ళు కనపడక తడుముకుంటున్నాడు."

సాయంత్రం దాకా ఆమె కౌంటరు దగ్గర నవ్వుతూనే నిలబడింది. అద్దంలో మొహం చూసుకుని మురిసిపోతున్న ప్రతి ఒక్కరికీ "బాగుందండీ, మీకు నప్పింది" అని చెప్పింది. లోపల మాత్రం ఒకటే లెక్క. ఇన్నేళ్ళు గీకి గీకి పంపిన కార్డులు, ఇష్టపడి ఎంచుకున్న కిటికీలు, ఆ కిటికీ దగ్గర కూర్చుని ఆయన చెప్పిన కబుర్లు. అన్నీ ఇప్పుడు వెన్నపూసవి.

బస్సులో ఫోన్ తీసి చూసింది. ఇంటి తాళం మార్చేశాడు.

మూడో అంతస్తు ఎక్కేసరికి తలుపు తెరిచే ఉంది. భర్త చొక్కా ఇస్త్రీ చేస్తున్నాడు. ఒక చెయ్యి మడత సాఫు అయింది, రెండోది అలాగే ఉంది. ఆమెను చూసి పెట్టె నిలబెట్టాడు.

"మీ అక్క ఫోన్ చేసింది."

ఆమె చెప్పులు విప్పబోయి ఆగిపోయింది.

"ఉతికి ఆరేసింది. నన్ను ఒక్క మాట మాట్లాడనివ్వలేదు."

"నేను వద్దన్నానండీ..."

"ఆవిడనేం అనకు. నీ మీద ప్రేమతోనే తిట్టింది." ఆయన వంగి ప్లగ్గు తీసేశాడు. "నీ డబ్బుతో కట్టిన ఇల్లు లాక్కున్నానంది. ఏదో ఆటలో నీ కార్డుతో ఎవత్తెకో ఉంగరం కొన్నానంది."

ఆమె ఫోన్ సంచిలోకి తోసేసింది.

ఆయన దగ్గరికొచ్చాడు. కోపంగా లేడు. దానికే ఆమెకి ఎక్కువ భయం వేసింది.

"అంతా విన్నాను, ఒక్కటే అర్థం కాలేదు," అన్నాడు మెల్లగా, "ఆ ఆట పేరు కూడా నేనివాళే విన్నాను కదా, మరి మీ అక్క ఇంతసేపూ తిట్టిన ఆ నీ మొగుడెవరు?"