శాక్సఫోన్ మొదలయ్యే చోట

ప్రొద్దుటూరులో బడిపంతులు శుభాకర్‌కు పాత జాజ్ రికార్డులంటే ప్రాణం. మద్రాసు పాత సామాన్ల అంగళ్ళలో ఏళ్ళ తరబడి వెతికితే ఈమధ్యే ఒక శాక్సఫోన్ రికార్డు దొరికింది. తెచ్చి వారమైనా ఒక్క వైపు కూడా పూర్తిగా వినలేకపోయాడు.

శాక్సఫోన్ మొదలయ్యే సమయానికి సరిగ్గా పక్కింటి యేసమ్మ వచ్చి తలుపు బాదేది. "సార్, పాట నిలిపేయండి సార్." అతను సౌండు తగ్గించాడు, కిటికీలు మూశాడు. అయినా ఆమె రావడం మానలేదు.

ఆదివారం మధ్యాహ్నం మళ్ళీ వచ్చింది. శుభాకర్‌కు ఒళ్ళు మండింది.

"ఏందమ్మా నీ బాధ? నా ఇంట్లో నేను పాట వినగూడదా? పార్టీ జీపులు పొద్దస్తమానం మోత పెడతాంటే వాళ్ళనడగవే!"

యేసమ్మ గొంతు తగ్గించింది.

"ఆ జీపు కోసమే సార్. ఓట్ల బూతు కాడ జరిగిన ఖూనీ మా ఆయన సూసినాడు. రేపు కడప కోర్టులో సాక్ష్యం చెప్పల్ల. ఇంట్లోనే దాక్కొని ఉండాడు, ఎవురికీ చెప్పొద్దన్నాడు. మీ పాటలో ఆ బూర మొదలైతే ఇంగేం వినపడదు. సంపినోళ్ళ జీపొచ్చేది వినపడితేనే గదా ఆయన పెరటి గోడ దూకి పోయేది!"

శుభాకర్ రికార్డు ఆపేశాడు. కిటికీలన్నీ తెరిచి, వీధి వైపు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

పొద్దువాలే వేళ, సందు మలుపుకు చాలా అవతల ఒక ఇంజను గేరు మారింది. యేసమ్మకు ఇంకా వినిపించలేదు.

"వస్తాండారమ్మా!" అని గోడ మీదుగా కేకేశాడు శుభాకర్.

జీపు దిగినవాళ్ళు తలుపు తన్నేసరికి ఆ ఇంట్లో యేసమ్మ ఒక్కతే కూర్చుని సంగటి కెలుకుతోంది.