గ్లాసులు తుడిచే పని

పాస్టరుగారు తలుపు తట్టి, ఒక అడుగు వెనక్కి వేసి నిలబడ్డారు. పరామర్శకు వెళ్ళిన ఏ గుమ్మం దగ్గరైనా ఆయన పద్ధతి అదే.

తలుపు తీసిన ఆవిడ తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ ఆయన్ని ఎగాదిగా చూసింది.

"లోపలికి రావచ్చాండీ?"

"రండి పాస్టరుగారూ," అంటూ కుర్చీ జరిపింది. పెదవి చివర ఉన్నది నవ్వో వెటకారమో తెలియలేదు.

ఆయన కుర్చీ అంచున కూర్చున్నారు. "కొన్నాళ్ళుగా మీరు ఆరాధనకు రావడం లేదు."

"పరామర్శ కమిటీ ఫోన్ చేసింది కదా. తలనొప్పని చెప్పాను."

"నిజంగా తలనొప్పేనా?"

"వాళ్ళడిగిన తీరుకు ఆ జవాబు చాలు."

పాస్టరుగారు గొంతు సవరించుకున్నారు. ఫ్యాక్టరీ మేనేజరుగా రిటైరైన సంఘపెద్ద ఒకాయన ఉన్నారు. అందరూ టార్గెట్ తాతగారంటారు. ఆయన సలహాతో చర్చిలో ప్రతి పనికీ ఒక కమిటీ ఏర్పడింది. పాటలు, సండే స్కూలు, పరామర్శ, అన్నీ గడియారంలా నడుస్తున్నాయి. అయినా ఈవిడ కూర్చునే చోటు ఖాళీగా కనబడితే చాలు, ప్రసంగం మధ్యలో పాస్టరుగారికి మాట తడబడుతోంది. ఆ సంగతి చెప్పుకుంటే తాతగారే అన్నారు: "ఇది కమిటీకి అప్పగించే పని కాదు. మీరే గుమ్మం ఎక్కండి. పాస్టరుగానే వెళ్ళండి, పాస్టరుగానే అడగండి."

"మా వల్ల మీకేమైనా కష్టం కలిగిందా?"

"ప్రభురాత్రి భోజనంలో ద్రాక్షారసం పంచే గ్లాసులు నేనే కడిగేదాన్ని. ఒక్కోటీ తుడుస్తూ ఒక్కో మనిషి కోసం ప్రార్థన చేసుకునేదాన్ని. అది టైం దండగని మీ తాతగారు తేల్చారు. ఇప్పుడు కమిటీ వాళ్ళు కబుర్లాడుకుంటూ చిటికెలో కడిగేస్తున్నారట."

"మీరు అలిసిపోతున్నారనుకున్నాం."

"అనుకున్నారు సరే. అడిగారా?"

"అడగలేదు. తప్పు నాదే. ఆ పని మళ్ళీ మీరే చేస్తారా?"

"పనిదేముంది లెండి. నన్నో మాట అడక్కుండా నా చేతిలోది తీసేసుకున్నారు, అదీ నా బాధ." ఆవిడ గొంతు మెత్తబడింది. "రేపు ఆదివారం ఆరాధనకు వస్తాను."

ఇద్దరూ తలలు వంచారు. ప్రార్థన ముగిశాక పాస్టరుగారు తేలికపడ్డ మనసుతో లేచి, "వెళ్ళొస్తానండీ" అంటూ అలవాటు కొద్దీ చెప్పుల్లో కాళ్ళు పెట్టారు.

"ఎక్కడికండీ, మన ఇల్లు ఇదే కదా."