ఇసుక గట్టిపడ్డాక

కూర్మమ్మ ఇంటిముందు గట్టును గునపంతో మళ్లీ ఒక పోటు పొడిచింది. ఆమె ఇంటిని సముద్రం మింగకుండా ఆపుతున్న గట్టు అది.

మొగుడు నూకయ్య గునపం లాక్కోబోతే విదిలించి కొట్టింది. దిక్కుతోచక అతను గౌతమికి ఫోన్ చేశాడు. పోయిన నెల గట్టు కట్టింది పరిశోధన చేస్తున్న ఆ అమ్మాయే. కట్టడమంటే సిమెంటూ కంకరా కాదు. కంటికి కనపడని ఒక రకం సూక్ష్మజీవుల్ని పెంచి, యూరియా కలిపిన నీళ్లతో ఇంటిముందు ఇసుకదిబ్బ మీద చల్లింది. అవి రేణువుల మధ్య సున్నం పేర్చి, దిబ్బ పైభాగాన్ని జానెడు మందాన రాతిపలకగా మార్చేశాయి. ఊరివాళ్లు కాలితో తన్ని చూసి ముక్కున వేలేసుకున్నారు.

గౌతమి కళింగపట్నం నుంచి బండి మీద వచ్చిపడింది. అప్పటికే పున్నమి పోటు. కెరటాలు గట్టు అంచుకొచ్చి కొడుతున్నాయి. పలక పగిలితే సాయంత్రానికి ఇల్లుండదని, మళ్లీ చల్లి గట్టిపరిచేంత వ్యవధి లేదని చెప్పింది. బతిమాలింది, కోప్పడింది. కూర్మమ్మ వింటేగా.

"తెల్లారగట్ల ఆ గట్టుకి సెవి ఆనించి ఏటో వింది అమ్మా. అప్పట్నుంచి ఇదే పని సేస్తన్నాది," అన్నాడు నూకయ్య. "ఏటయ్యిందే? నాకైనా సెప్పవే."

"సెప్పకూడదు."

పలక చిట్లింది. ఆ పగులులోకి మొదటి కెరటం నీళ్లు జారాయి. గౌతమికి ఏడుపొచ్చింది. రెండేళ్ల పరిశోధన, ఒకరి ఇల్లు, రెండూ కళ్లముందే పోతున్నాయి. ఆ మనిషిని పట్టుకుని ఆపే బలం ఇద్దరిలో ఎవరికీ లేకపోయింది.

పెద్ద పెళ్ల ఊడొచ్చింది. కూర్మమ్మ గునపం పారేసి కూలబడి, రెండు చేతులతో దాన్ని తిరగేసింది. గౌతమి వంగి చూసింది. కింద గుంటలో, పైకి రాలేక, ఒకదాని మీద ఒకటి ఎక్కిన తాబేలు పిల్లలు. కొన్నే కదులుతున్నాయి.

కూర్మమ్మ వాటిని కొంగులోకి ఎత్తుకుంటూ వెక్కివెక్కి ఏడ్చింది.

"తాబేలు గుడ్లెట్టిన సోటు సూసినోలు, పిల్లలు సముద్రంలో దిగీదాకా మొగుడికైనా సెప్పకూడదమ్మా. అందుకే నువ్వు మందు సల్లతన్నప్పుడు పక్కనే నిలబడి కూడా నోరిప్పలేదు."