అచ్చం ఇలాగే

రొమ్ములో గడ్డ ఉందేమో ఎవరికి వారు ఎలా చూసుకోవాలో ఆడవాళ్ళకు నేర్పడానికి నర్సుకు ఒక గుడ్డ నమూనా కావలసి వచ్చింది. రెండు వారాల్లో ఆమె మూడోసారి వచ్చినా టైలరమ్మ ఇంకా కుట్లు విప్పుతూనే ఉంది.

"ఇంకా అవ్వలేదా? నాలుగింటికి మీటింగు!" అంది నర్సు గుమ్మంలోనే నిలబడి.

"ఒక్క నిమిషం అక్కా. లోపలి గడ్డ నొక్కితే జరగాలా, అక్కడే ఉండాలా?"

"ఎలా ఉన్నా చూపించుకోవాలి. కదలకపోతే అసలు ఆలస్యం చెయ్యకూడదు."

"నొప్పి ఉంటుందా?"

"చాలామందికి ఉండదు. అందుకే పట్టించుకోరు. అయినా గుడ్డకి నొప్పేమిటి తల్లీ, త్వరగా కానీ!"

టైలరమ్మ దూదిలో పెట్టిన పూసను తీసేసి, దారం గట్టిగా ఉండచుట్టి, లోపల కూరి కుట్టింది. నర్సు మూడు వేళ్ళతో గుండ్రంగా నొక్కి చూసింది.

"అబ్బ! అచ్చం ఇలాగే ఉంటుంది. ఏం పనితనమే నీది!"

టైలరమ్మ నవ్వలేదు. "సరిగ్గా చూడక్కా. ఇలా ఉండదేమో. తప్పయితే చెప్పు, మళ్ళీ కుడతాను."

"తప్పేం లేదు. ఇంత బాగా ఎలా తెలిసింది నీకు?"

టైలరమ్మ చెయ్యి తన ఎడమ రొమ్ము మీదికి వెళ్ళింది.

"ఎనిమిది నెలలైంది. ఒక్కసారైనా 'ఇలా ఉండదు' అంటావని విప్పి విప్పి కుడుతున్నాను."

నర్సు మీటింగు రేపటికి మార్చమని ఫోన్ చేసి, టైలరమ్మ చెయ్యి పట్టుకుంది.

"పద. డాక్టరమ్మ అయిదింటిదాకా ఉంటుంది."